వేణువు కొనుగోలు: శ్రుతి, వెదురు, వెల

వాద్యాలన్నింటిలోను అతి తక్కువ ఖర్చుతో చేతికి వచ్చేది వేణువు. అతి సులభంగా మోసపోయేదీ దాని కొనుగోలులోనే. వీణకో మృదంగానికో వేల రూపాయలు వెచ్చించవలసి వచ్చినప్పుడు కుటుంబాలు పదిమందిని విచారించి, గురువును వెంటబెట్టుకొని మరీ వెళతాయి. వేణువు దగ్గరకు వచ్చేసరికి తిరునాళ్లలో కర్రకు గుత్తులుగా గుచ్చి అమ్మేవాని వద్ద ఒకటి తీసుకొని పిల్లవాని చేతికి ఇవ్వటం పరిపాటి. ఆరు నెలలు గడిచినా స్వరం నిలవకపోతే "వీడికి సంగీతం అబ్బదు" అన్న తీర్పు వెలువడుతుంది. లోపం పిల్లవానిలో ఉన్నదా, గొట్టంలో ఉన్నదా అని చూసేవారు అరుదు. శ్రుతి తప్పిన వేణువుపై ఏడాదిపాటు సాధన చేసిన చెవికి ఆ తప్పుడు గాంధారమే అసలు గాంధారమై కూర్చుంటుంది. దానిని సరిదిద్దటం కొత్తగా నేర్పటంకన్నా కష్టమని సంగీతం చెప్పేవారందరికీ తెలుసు.

సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఈ చిక్కు మరికొంత ఎక్కువ. తెలుగు ఇళ్లలో వేణువు, పిల్లనగ్రోవి, మురళి అని పిలిచే ఈ వాద్యం బళ్లారి, కోలారు అంగళ్లలో కొళలు. హోసూరు, కృష్ణగిరి వైపు పుల్లాంగుళల్. సోలాపురం, నాందేడ్‌లలో బాసరీ. బరంపురం, పర్లాకిమిడిలో బంశీ. పేర్లు మారటంతో ఆగితే ఇబ్బంది లేదు. ఊరినిబట్టి అంగడిలో దొరికే వాద్యమే మారుతుంది. దక్షిణాన దొరికేది కర్ణాటక సంగీతానికి చేసినది. ఉత్తరాన, పడమట దొరికేది హిందుస్తానీ సంగీతానికి చేసినది. చూపుకు రెండూ వెదురు గొట్టాలే. ఒకదానిపై నేర్చిన వేళ్లు రెండవదానిపై తడబడతాయి.

రెండు వేణువులు, రెండు లెక్కలు

కర్ణాటక వేణువుకు ఊదే ముఖరంధ్రం కాక ఎనిమిది స్వరరంధ్రాలు ఉంటాయి. వాటిలో ఏడింటినే వేళ్లతో మూస్తారు. చివరిది తెరచే ఉంటుంది. హిందుస్తానీ బాన్సురీకి ఆరు స్వరరంధ్రాలు. కొన్నింటికి ఏడవది కూడ ఉంటుంది. రంధ్రాల లెక్కకన్న ముఖ్యమైనది షడ్జమం ఎక్కడ పలుకుతుందన్నది. కర్ణాటక పద్ధతిలో పైనుంచి రెండు రంధ్రాలు మూస్తే షడ్జమం. హిందుస్తానీ పద్ధతిలో మూడు రంధ్రాలు మూస్తే షడ్జమం. అందువల్లనే కర్ణాటక వేణువుపై రంధ్రాలను వరుసగా తెరుస్తూ పోతే హరికాంభోజి స్వరాలు సహజంగా పలుకుతాయి. బాన్సురీపై అలా తెరుస్తూ పోతే, వారి లెక్కలో, మధ్యమం తీవ్రమై ఉంటుంది.

ఈ భేదం వెలకట్టి కొనేటప్పుడు ఎలా అడ్డుపడుతుందో చూడవలసి ఉన్నది. వేణువుల మీద సామాన్యంగా ఒక ఆంగ్లాక్షరమో అంకెయో రాసి ఉంటుంది. తెలుగు, తమిళ ప్రాంతాల లెక్కలో శ్రుతి అంకెలలో ఉంటుంది. తమిళులు దానినే కట్టై అంటారు. ఒకటి శ్రుతి అంటే హార్మోనియంలో సి మెట్టు, రెండు అంటే డి, మూడు అంటే ఇ, నాలుగు అంటే ఎఫ్, ఐదు అంటే జి, ఆరు అంటే ఎ, ఏడు అంటే బి. నల్ల మెట్లు అరలు: ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మహారాష్ట్రలో తెల్లమెట్టును పాంఢరీ అని, నల్లమెట్టును కాళీ అని విడివిడిగా లెక్కిస్తారు. తెల్లమెట్ల అంకెలు రెండు లెక్కలలోను ఒకటే. తేడా నల్లమెట్లలో వస్తుంది. వారి కాళీ ఒకటి ఇక్కడి ఒకటిన్నర, కాళీ రెండు ఇక్కడి రెండున్నర. అక్కడినుంచి పోలిక తప్పుతుంది: కాళీ మూడు నాలుగున్నర, కాళీ నాలుగు ఐదున్నర, కాళీ ఐదు ఆరున్నర. సోలాపురం అంగడిలో "కాళీ చార్" అని చెప్పి ఇచ్చినదానిని నాలుగు శ్రుతి అనుకొని తెచ్చుకుంటే అది ఐదున్నర అవుతుంది.

వేళ్ల లెక్కను దీనికి కలిపితే గందరగోళం పూర్తి అవుతుంది. జి అని రాసిన బాన్సురీలో మూడు రంధ్రాలు మూసినప్పుడు జి పలుకుతుంది. కర్ణాటక పద్ధతిలో నేర్చుకునే పిల్లవాడు దానిమీద రెండే మూసి షడ్జమం పట్టుకుంటాడు. అప్పుడు పలికేది ఎ, అంటే ఆరు శ్రుతి. గురువు ఐదు శ్రుతి తెమ్మన్నారని జి తెచ్చిన తండ్రి తప్పు చేయలేదు. అంగడివాడూ అబద్ధం చెప్పలేదు. అయినా తరగతిలో ఆ పిల్లవాని వేణువు ఒక్కటే మిగిలినవాటికన్న ఒక పూర్తి స్వరం ఎత్తున మోగుతుంది. కాబట్టి కొనేటప్పుడు అక్షరం అడిగి ఊరుకోరాదు. "ఎన్ని రంధ్రాలు మూస్తే ఈ శ్రుతి?" అన్న ప్రశ్న తప్పనిసరి.

గురువు ఏ పద్ధతివారో అదే వేణువు కొనటం మొదటి నియమం. బరంపురంలోనో చంద్రపూర్‌లోనో ఉండి, దగ్గరలో హిందుస్తానీ గురువే దొరికితే బాన్సురీయే కొనవలె. ఇంట్లో త్యాగరాజ కృతులంటే ఇష్టం కదా అని ఎనిమిది రంధ్రాలది కొనిపెడితే ఆ గురువుకూ ఉపయోగపడదు, పిల్లవానికీ ఉపయోగపడదు. పరీక్షలు రాయించే ఉద్దేశం ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. మహారాష్ట్ర వైపు ఎక్కువమంది రాసే అఖిల భారతీయ గాంధర్వ మహావిద్యాలయ మండలి పరీక్షలు హిందుస్తానీ పద్ధతివి. కర్ణాటకలో జూనియర్, సీనియర్, విద్వత్ పేరిట జరిగే పరీక్షలలో కర్ణాటక సంగీత విభాగానికి వెళ్లేవారికి కర్ణాటక వేణువే కావలె. ఒకదానికి నేర్చి మరొకదానికి కూర్చోవటం కుదరదు.

రెండు సంప్రదాయాల వేణువులూ కచేరీ వాద్యాలుగా నిలదొక్కుకున్నది ఇటీవలి కాలంలోనే. దక్షిణాన కుంభకోణానికి చెందిన శరభశాస్త్రి (1872–1904), ఆయన తరువాత పల్లడం సంజీవరావు (1882–1962) వేణువును కచేరీ వేదిక మీదికి తెచ్చారు. టి.ఆర్. మహాలింగం (1926–1986) వేళ్లు పట్టే తీరును, ఊదే తీరును మార్చి గాత్రంలోని గమకాలన్నీ గొట్టంలో పలికించారు. నేడు దక్షిణాదిన నేర్పేది చాలావరకు ఆ బాణీయే. ఉత్తరాన పన్నాలాల్ ఘోష్ (1911–1960) పొడవైన, గంభీరమైన నాదం గల బాన్సురీని ప్రచారంలోకి తెచ్చారు. హరిప్రసాద్ చౌరాసియా 1957లో కటక్ ఆకాశవాణి కేంద్రంలో ఉద్యోగానికి చేరారు. ఒడిశా తెలుగువారికి ఆ పేరు అందువల్ల కూడ దగ్గరిది. ఆయన చేతిలో చూసిన పొడుగుపాటి వేణువే కావాలని పిల్లలు అడగటం సహజం. సుమారు 30 అంగుళాలుండే ఆ ఇ బేస్ బాన్సురీపై రంధ్రాల మధ్య దూరం ఎక్కువ; పదేళ్ల పిల్లల వేళ్లు చాలవు. బలవంతంగా సాచి పట్టుకుంటే వేలి అంచున గాలి జారి కింది స్వరాలు మూగబోతాయి, మణికట్టు నొప్పి పెడుతుంది. చిన్న చేతులకు చిన్న వేణువు ఇచ్చి, రెండు మూడేళ్ల తరువాత పెద్దది కొనటమే మేలు. కర్ణాటక వేణువులలో అడుగుంబావు నుంచి అడుగున్నర పొడవుండే ఐదు, ఐదున్నర, ఆరు శ్రుతులవి ప్రారంభకులకు సాధారణంగా సరిపోతాయి. వాటిలో ఏది అన్నది గురువు చెప్పవలసిన మాట.

ఊళ్లో భజన బృందానికి వేణువు కొనేవారి లెక్క వేరు. బృందంలో హార్మోనియం ఉంటే దాని మెట్లు కదలవు. గాయకుడు ఏ మెట్టును ఆధారంగా పట్టుకొని పాడుతాడో ఆ శ్రుతి వేణువే కావలె. తంత్రీవాద్యంవలె బిగించి శ్రుతి మార్చటం వేణువుకు లేదు. ఒక్క గొట్టం ఒక్క శ్రుతికే. కచేరీ విద్వాంసుల పక్కన అరడజను వేణువుల సంచి కనిపించటం ఆడంబరం కోసం కాదు. ఇద్దరు ప్రధాన గాయకులు రెండు వేరు శ్రుతులలో పాడే బృందం మొదటినుంచీ రెండు వేణువుల ఖర్చు లెక్కించుకొనటం ఉచితం.

వెదురు సంగతి

వేణువుకు పనికివచ్చే వెదురు అన్నిచోట్లా దొరకదు. కణుపుకూ కణుపుకూ మధ్య దూరం ఎక్కువగా, గోడ పలుచగా, లోపలి రంధ్రం గుండ్రంగా ఉండే జాతి కావలె. నిచ్చెనలకు, పందిళ్లకు వాడే లావు గోడ వెదురు దీనికి పనికిరాదు. హిందుస్తానీ వేణువులకు అస్సాం వెదురు, కర్ణాటక వేణువులకు కేరళ పశ్చిమ కనుమల వెదురు పేరుపొందినవి. ఉత్తరప్రదేశ్‌లోని పీలీభీత్ పట్టణం బాన్సురీల తయారీకి పెట్టింది పేరు. ఆ వెదురు సైతం అస్సాం నుంచే వస్తుంది. కోసిన వెదురును నీడలో నెలల తరబడి, మంచి తయారీదారులైతే ఏళ్ల తరబడి ఆరబెడతారు. ఆరుతుండగా కొన్ని పగులుతాయి, కొన్ని వంగుతాయి. మిగిలినవాటికి కాల్చిన ఇనుప కడ్డీలతో రంధ్రాలు పెడతారు. వేణువు వెలలో పెద్ద భాగం ఈ నిరీక్షణకూ, పారవేసిన గొట్టాలకూ చెందుతుంది. పచ్చి వెదురుతో హడావుడిగా చేసిన వేణువు కొన్ననాడు శ్రుతిలో ఉన్నా, ఎండినకొద్దీ కుంచించి శ్రుతి తప్పుతుంది. అటువంటివి చేతికి బరువుగా, చల్లగా తగులుతాయి, పచ్చివాసన వేస్తాయి.

ఊరి వాతావరణం కూడ లెక్కలోనిదే. గోదావరి ముఖద్వారాన ఉన్న యానాంలో, గంజాం తీరంలో గాలిలో తేమ ఎక్కువ. అక్కడ వెదురుకు పగుళ్లకన్న బూజు, పురుగు ప్రమాదం. బళ్లారి, రాయచూరు, సోలాపురం ఎండలలో పగుళ్లదే భయం. సముద్రతీరంలో ఏళ్ల తరబడి వాడిన వేణువును కొని రాయచూరుకు తెచ్చుకుంటే మొదటి వేసవి గడిచేవరకు దానిని సందేహంతోనే చూడవలె. మోటారు సైకిలు పెట్టెలోను, కారు అద్దం ముందు ఎండలోను వదిలివేసిన వేణువు ఒక్క మధ్యాహ్నంలో నిలువునా చీలటం తెలియనిది కాదు.

అంగడిలో పరీక్ష

మొదట ఊదకుండా చూడవలసినవి కొన్ని ఉన్నాయి. గొట్టాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి ఒక కొసనుంచి లోపలికి చూస్తే వంకర, గరుకు, గీతగా కనబడే వెలుగు తెలుస్తాయి. ఆ వెలుగు గీత పగులు. ముఖరంధ్రం అంచు నునుపుగా, పదునుగా ఉండవలె. పెచ్చులూడిన అంచుపై నాదం బొంగురుపోతుంది. రంధ్రాలన్నీ ఒకే వరుసలో, వేలి కొసకు పూర్తిగా మూతపడే పరిమాణంలో ఉన్నవో లేవో కొనే పిల్లవాని చేతితోనే పట్టించి చూడవలె. అంగడివాని చేతులు పెద్దవి. ఆయనకు సులభంగా అందినంత మాత్రాన ప్రయోజనం లేదు. రంగుదారాల చుట్లు అందానికే కాక బలానికీ వేస్తారు. పాత పగులును కప్పటానికీ అవే వాడతారు. చుట్టుకింద వేలితో తడిమితే గట్టు తగలటం పగులుకు గుర్తు.

ఊదే పరీక్షలో ఒక మెలకువ ఉన్నది. అంగడివాడు మనోహరంగా వాయించి చూపినంత మాత్రాన ఆ వేణువు శ్రుతిలో ఉన్నదని అర్థం కాదు. పెదవిని ముఖరంధ్రంపై కొద్దిగా ముందుకు వాల్చితే స్వరం దిగుతుంది, వెనుకకు తీస్తే ఎక్కుతుంది. అనుభవజ్ఞుడు ఈ ఉపాయంతో ఎంత వంకర వేణువునైనా శ్రుతిలో ఉన్నట్లు వినిపించగలడు. నేర్చుకునేవానికి ఆ ఉపాయం తెలియదు. అందువల్ల అలంకారాలు లేకుండా, పెదవి కదపకుండా, ఒక్కొక్క స్వరాన్ని నిలిపి ఊదమని అడగవలె. శ్రుతిపెట్టెగాని, ఫోనులో తంబురగాని, శ్రుతిని చూపే ట్యూనర్ అనువర్తనంగాని పక్కన ఉంచుకొని షడ్జమం, పంచమం, తారషడ్జమం ఈ మూడింటినీ ముందు సరిచూడవలె. ఇవి కుదరని వేణువులో మిగిలిన స్వరాలను పరీక్షించటం కాలయాపన.

పరీక్షకు ముందు అయిదు నిమిషాలు ఊది గొట్టాన్ని వెచ్చబరచటం అవసరం. గాలి వేడెక్కినకొద్దీ ధ్వనివేగం పెరిగి స్వరం ఎక్కుతుంది. ఒక్క డిగ్రీ సెల్సియస్ తేడాకు సుమారు 3 సెంట్లు. అర్ధస్వరానికి 100 సెంట్లు. చలికాలపు ఉదయానికీ వేసవి మధ్యాహ్నానికీ 15 డిగ్రీల తేడా ఉంటే లెక్కప్రకారం దాదాపు అర్ధస్వరంలో సగం వరకు శ్రుతి కదలవచ్చు. ఊపిరి వెచ్చదనం దీనిని కొంత తగ్గిస్తుంది కాని పూర్తిగా పోగొట్టదు. డిసెంబరు ఉదయం ట్యూనర్ ముందు అయిదు సెంట్లు తక్కువ చూపిందని మంచి వేణువును వదలుకోవలసిన పని లేదు. స్వరాలన్నీ ఒకే తీరుగా తక్కువైతే అది వాతావరణం. ఒకటి రెండు మాత్రమే తప్పితే అది తయారీ.

తప్పిన స్వరాలన్నీ పారవేయటానికి కారణాలు కావు. ఒక స్వరం కొద్దిగా తగ్గి ఉంటే తయారీదారు ఆ రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి సరిచేస్తాడు. హెచ్చి ఉంటే రంధ్రం అంచున మైనం అద్ది దింపవచ్చు. మధ్యస్థాయి, తారస్థాయి షడ్జమాలు ఒకదానికొకటి కలవకపోవటం మాత్రం వేరు జబ్బు. అది గొట్టం లోపలి ఆకృతిలోనో, ముఖరంధ్రానికి పక్కనున్న బిరడా స్థానంలోనో ఉన్న దోషం. బిరడా జరిగి ఉంటే సర్దవచ్చు. గొట్టమే అలాంటిదైతే ఎంత తక్కువకు వచ్చినా విడిచిపెట్టటమే లాభం.

ఇక గాలి కారటం. ఒకరు స్వరరంధ్రాలన్నీ మూసి, గొట్టం కొసను అరచేతితో మూసి పట్టగా, మరొకరు ముఖరంధ్రంపై పెదవులు ఆన్చి మెల్లగా గాలి లాగితే పెదవులు అంటుకున్నట్లు ఉండవలె. అలా నిలవకపోతే ఎక్కడో పగులో, బిరడా పక్కన సందో ఉన్నట్లే. అన్ని వేళ్లు మూసి ఊదినప్పుడు మంద్రస్థాయి స్వరం నీరసించటం కూడ దీనికి సూచన.

వాడిన వేణువు

వాడిన వేణువు అనగానే చాలామంది వెనుకాడతారు. నిజానికి పదేళ్లు వాయించిన వెదురు వేణువు పగలకుండా నిలిచిందంటే ఆరవలసినంత ఆరిందని, ఇక కదలదని అర్థం. విద్వాంసుల శిష్యవర్గాలలో గురువుగారి పాత వేణువు దొరకటం భాగ్యంగా భావించటంలో భక్తితోపాటు ఈ లెక్క కూడ ఉన్నది. కొత్త వేణువు మొదటి ఏడాది ఏ మలుపు తిరుగుతుందో చెప్పలేరు. పాతదాని గుణం బయటపడి ఉంటుంది.

చూడవలసినవి మూడు: పగులు, పురుగు, లోపలి మురికి. గుండుసూది మొనంత రంధ్రాలు, వాటినుంచి రాలే పిండివంటి పొడి కనబడితే పుప్పిపురుగు తొలుస్తున్నదన్న మాట. అటువంటిది ఉచితంగా ఇచ్చినా ఇంట్లోని మిగిలిన వేణువుల సరసన చేర్చరాదు. పగులు స్వరరంధ్రాలకు దిగువన, కొస వైపున ఉండి, జిగురు పట్టి దారం చుట్టి ఉంటే భయంలేదు. అలాంటివి ఏళ్ల తరబడి పనిచేస్తాయి. ముఖరంధ్రాన్ని తాకిన పగులు, రెండు స్వరరంధ్రాలను కలుపుతూ పోయిన పగులు ఉన్నవాటికి మరమ్మతు తాత్కాలికమే. లోపలి మురికిని సన్నని పుల్లకు చుట్టిన పొడి గుడ్డతో తుడవవచ్చు. నీళ్లలో నానబెట్టటం, సబ్బుతో కడగటం వెదురును పాడుచేస్తాయి. తుడిచి నీడలో ఆరనిచ్చి, ఆపై కొద్దిగా ఆవనూనెగాని బాదంనూనెగాని గుడ్డకు అద్ది లోపల పూసి, రెండు రోజులు ఊదకుండా ఉంచటం అలవాటైన పద్ధతి. మరొకరు ఊదిన వాద్యం కనుక ముఖరంధ్రం చుట్టూ శుభ్రం చేయకుండా పిల్లల నోటికి అందించరాదు.

పాతదానికి ధర నిర్ణయించటానికి అంగడి లెక్కలేవీ లేవు. చేయి తిరిగినవారు పరీక్షించి బాగున్నదన్న కచేరీ వేణువుకు కొత్తదాని వెలలో ముప్పాతిక వంతు ఇచ్చినా నష్టంలేదు. ఎవరూ పరీక్షించని, అటకమీద నుంచి దించిన వేణువుకు సగానికి మించి ఇవ్వటం అనవసరం. తయారీదారు పేరు చెక్కి ఉన్నంత మాత్రాన ధర పెంచే వాదనను ఒప్పుకోవలసిన పనిలేదు. పేరు ఎవరైనా చెక్కవచ్చు.

ఆంగ్ల వాద్యబృందాలలో వాడే మీటల లోహపు ఫ్లూటు వేరే వాద్యం. దాని మీటల కింద మెత్తలు అరిగిపోతాయి, వాటిని మార్చే పనివారు పెద్ద నగరాలలోనే ఉంటారు. పాతది చౌకగా వచ్చినా మెత్తల ఖర్చు విచారించిన తరువాతనే ముట్టుకోవలె.

వెల, చెల్లింపు

ధరలు ఊరినిబట్టి, చేసిన చేతినిబట్టి మారుతాయి. ఒక అంచనాకు మాత్రమే చెప్పుకొంటే తిరునాళ్ల వేణువు నూరు రూపాయల లోపు. శ్రుతిచూసి చేసిన ప్రారంభకుల కర్ణాటక వేణువు నాలుగైదు వందల నుంచి వెయ్యిన్నర వరకు. కచేరీ స్థాయిది రెండు వేలు దాటి ఎంతవరకైనా. పొడవైన బేస్ బాన్సురీలు సహజంగా ఎక్కువ. తగిన వెదురు దొరకటమే కష్టం కనుక పేరున్న తయారీదారులవి చాలా వేలు పలుకుతాయి. ప్రారంభకులకు కచేరీ వేణువు కొనటం దుబారా. అయితే నూరు రూపాయలదానికీ అయిదు వందలదానికీ ఉన్న తేడా, అయిదు వందలదానికీ అయిదు వేలదానికీ ఉన్న తేడాకన్న పెద్దది. మొదటిది శ్రుతి ఉండటం, లేకపోవటం. రెండవది నాదపు అందం. డబ్బు బొత్తిగా చాలని ఇంట, శ్రుతి చూసి చేసిన ప్లాస్టిక్ గొట్టపు వేణువు తిరునాళ్ల వెదురుకన్న ఎంతో నయం. పగలదు, పురుగు పట్టదు. నాదంలో జీవం తక్కువైనా గాంధారం గాంధారంగానే పలుకుతుంది. దానిని చిన్నచూపు చూసే గురువులు ఉన్నారు కాని ఆ చిన్నచూపుకు సంగీతపరమైన కారణం కనబడదు.

చేతితో తయారైన దేశీయ వాద్యాలకు 2017లో అమలులోకి వచ్చిన వస్తుసేవల పన్నులో మినహాయింపు ఇచ్చారు. ఆ వాద్యాల జాబితాలో బాన్సురీ, కర్ణాటక వేణువు రెండూ ఉన్నాయి. బిల్లులో వేణువుపై పన్ను కలిపితే ఎందుకని అడగటం కొనేవారి హక్కు. సంచికి ఈ మినహాయింపు వర్తించదు.

తయారీదారుకు చెప్పి చేయించుకునేటప్పుడు కొంత ముందుగా ఇవ్వటం న్యాయమే. సగానికి మించి ముందే పంపటం మంచిది కాదు. తక్కిన సగం, పంపబోయే అదే వేణువుపై అన్ని స్వరాలూ ట్యూనర్ ముందు ఊదిన దృశ్యం ఫోనుకు పంపిన తరువాత చెల్లించేలా మాట తీసుకోవచ్చు. శ్రుతి, వేళ్ల పద్ధతి, రంధ్రాల సంఖ్య, ఎడమచేతి వాటమైతే ఆ సంగతి రాతపూర్వకంగా పంపవలె. భాష తెలియని ఊరిలో మాట జారితే వస్తువు మారుతుంది. "కర్ణాటక వేణువు, 8 రంధ్రాలు, 2 మూస్తే జి" అన్న ఒక్క వాక్యం తమిళుడికీ మరాఠీవాడికీ ఒకేలా అర్థమవుతుంది. పార్సెలును గట్టి ప్లాస్టిక్ పైపులో పెట్టి పంపమనాలి; అట్టపెట్టెలో వచ్చినవి విరిగి రావటం మామూలే. విప్పేటప్పుడు మొదటినుంచి చివరివరకు ఫోనులో చిత్రీకరిస్తే పగులు దారిలో వచ్చినదా, అక్కడే ఉన్నదా అన్న తగవులో అది పనికివస్తుంది.

వాడిన వేణువును ముఖపరిచయం లేనివారి వద్ద ఫోను ద్వారా కొనేటప్పుడు, అమ్మేటప్పుడు మరొక జాగ్రత్త. యూపీఐలో డబ్బు పంపటానికి మాత్రమే పిన్ నంబరు కావలె. రావటానికి అవసరం లేదు. "మీ వేణువుకు డబ్బు పంపుతున్నాను, పిన్ కొట్టండి" అన్నవాడు డబ్బు లాగుతున్నాడే తప్ప పంపటం లేదు. అలా పోయిన సొమ్ముకు ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయవలె.

సరిహద్దు కుటుంబాలకు ఉపయోగించే చట్టం ఒకటి ఉన్నది. 1986 నాటి పాత వినియోగదారుల చట్టం కింద ఫిర్యాదు ప్రధానంగా అమ్మినవాడున్న చోటనో, వ్యవహారం జరిగిన చోటనో వేయవలసి వచ్చేది. రాయగడ కుటుంబం పొరుగు రాష్ట్రపు అంగడిమీద ఫిర్యాదుకు అక్కడికే తిరగవలసి ఉండేది. అయిదు వందల వేణువుకోసం అంత పని ఎవరూ పెట్టుకోరు. 2020 జూలై నుంచి అమలులో ఉన్న 2019 చట్టం ప్రకారం కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు. అంతకుముందు 1915 నంబరులో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి చెబితే చాలా తగవులు అక్కడే తీరుతాయి. బిల్లు, మాట్లాడుకున్న సందేశాలు, విప్పేటప్పుడు తీసిన దృశ్యం దాచి ఉంచుకోవటం దీనికి అవసరం. వ్యాపారం చేయని వ్యక్తి తన పాత వేణువును అమ్మిన సందర్భానికి ఈ చట్టం వర్తించదు. అటువంటిచోట ఇద్దరికీ తెలిసిన గురువు ఇంట్లో, ఆయన ఊది చూసిన తరువాత, అక్కడికక్కడే డబ్బు చేతులు మారటం పాతకాలం నుంచి ఉన్న పద్ధతి.